చెట్టు పోయాక మిగిలిన మొద్దు: గుంటూరులో స్టంప్ గ్రైండింగ్ చేయించిన నా అనుభవం

ఫిబ్రవరి 12న మా ఇంటి ముందున్న వేప మొద్దుని మిషనుతో తీయించాం. జనవరి 19న ఫోన్లు చేయడం మొదలుపెడితే, గొయ్యి పూడ్చి నేల చదును చేసేసరికి ఫిబ్రవరి 21 అయింది. అన్నీ కలిపి 23,550 రూపాయలు. ఇందులో మిషను వాళ్ళకి ఇచ్చింది సగం కూడా కాదు. మిగతాదంతా మొద్దు చుట్టూ, మొద్దు కింద, మొద్దు పోయాక చేయించాల్సిన పనులకే అయింది. ఆ పనుల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. మనమే ఒక్కొక్కటీ ఎదురైనప్పుడు తెలుసుకుంటాం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పాత గుంటూరు. మా మామయ్యగారు 1986లో ఇల్లు కట్టించిన ఏడాదే మెట్ల పక్కన ఈ వేపచెట్టు నాటారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, ఆ గాలికీ వానకీ చెట్టు వీధి వైపు ఒరిగి కరెంటు తీగల మీద వాలింది. కరెంటు వాళ్ళు వచ్చి తీగలకి తగిలే కొమ్మలు నరికి వెళ్ళారు. మిగతాది కొట్టడానికి కలప వాళ్ళని పిలిచాం. కాండం, కొమ్మలు వాళ్ళే పట్టుకెళ్ళారు, రెండడుగుల ఎత్తు మొద్దు మాత్రం వదిలేశారు. చెట్టు కొట్టే బేరం వేరు, మొదలు పెకిలించే బేరం వేరు. మొదలుకి కలపగా ధర రాదు, అందుకని దాని మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. మీరు చెట్టు కొట్టిస్తుంటే, కలప వాళ్ళతో మాట్లాడేటప్పుడే మొద్దు సంగతి కూడా తేల్చుకోండి. అప్పుడైతే కలప విలువలో సర్దుకుంటారు. విడిగా పిలిస్తే రేటు ఆకాశంలో ఉంటుంది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, సొంత స్థలంలో చెట్టయినా కొట్టాలంటే అనుమతి అడగాలి. మాది తుపానుకి పడిన చెట్టు కాబట్టి అప్పుడే ఫోటోలు తీసి, వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, నకలు మీద సంతకం వేయించుకుని దాచాం. మొన్న మిషను శబ్దానికి వీధిలో ఒకాయన వచ్చి "పర్మిషన్ ఉందా?" అని నిలదీస్తే ఆ నకలు, ఆ ఫోటోలు చూపించాం. ఆయన చూసి వెళ్ళిపోయారు. కాగితాలు పారేయకండి.

రెండేళ్ళు మొద్దు అలాగే ఉంది. ఒరిగినప్పుడు ఇంటి వైపు వేళ్ళు తెగిపోయాయి, వీధి వైపువి బతికే ఉన్నాయి. దాంతో వీధి వైపు గుబురుగా చిగుళ్ళు వేసేది, ఇంటి వైపు సగం ఎండి బెరడు ఊడిపోయేది. అత్తయ్యగారు ఉగాదికి పువ్వు రాకపోయినా ఆ చిగుళ్ళే కోసి దేవుడి దగ్గర పెట్టుకునేవారు. అందుకే దాన్ని కదిలించాలని మాకూ అనిపించలేదు.

గత నవంబరులో అత్తయ్యగారు బాత్రూమ్‌లో జారి పడ్డారు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడుస్తున్నారు గానీ మెట్లు దిగలేరు. ర్యాంపు కట్టించాలంటే ఉన్న ఒకే ఒక్క చోట ఈ మొద్దు కూర్చుని ఉంది. ఆస్పత్రికి చెకప్‌కి తీసుకెళ్ళాల్సిన ప్రతిసారీ మా ఆయన, మా అబ్బాయి కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీద నుంచి దించేవాళ్ళు. ఆ కుర్చీ కాస్త పక్కకి ఒరిగినా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేవారు. చూస్తుంటే నా గుండె నోట్లోకి వచ్చేది. దానికి తోడు సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే వీధి గుమ్మం ద్వారబంధం మీద చెద మట్టి గీత కనిపించింది. గీత వెంట చూసుకుంటూ కిందికి వెళితే మెట్ల పగులు, ఆ పగులులోంచి మొద్దు ఎండిన వైపు. ఇంక ఆగకూడదని అప్పుడే అనుకున్నాం.

పండగ వెళ్ళాక, జనవరి 19 సోమవారం నుంచి కనుక్కోవడం మొదలుపెట్టాను. సలహాలకి కొదవలేదు. బెజ్జం వేసి ఇంగువ కూరితే చెట్టు చచ్చిపోతుందని పక్కింటి పిన్నిగారు చెప్పారు. పాదరసం పోయమని ఒకరు, సూరేకారం వేసి మగ్గనివ్వమని ఇంకొకరు. వీటిలో ఏది పనిచేసినా మొద్దు చస్తుందే తప్ప అక్కడి నుంచి లేవదు. మాది అప్పటికే సగం చచ్చింది, ఆ చచ్చిన సగమే చెదలకి తిండి అయింది. పైగా ఆ పక్కనే మంచినీళ్ళ పైపు వెళుతోంది, పాదరసం లాంటి విషం ఆ మట్టిలో పోయడం అన్న మాటే నాకు భయం వేసింది. నిప్పు పెట్టి కుమలనివ్వమన్నవాళ్ళూ ఉన్నారు. లోపల వేళ్ళ వెంట నిప్పు ఎక్కడికి పోతుందో పైకి కనపడదు, గోడకి అంత దగ్గరలో అది చేయించే పని కాదు. వేపచెట్టుకి నిప్పు పెట్టనివ్వనని అత్తయ్యగారు కూడా ఖరాఖండిగా చెప్పేశారు.

జేసీబీ ఆలోచన రెండు కారణాల వల్ల మానుకున్నాం. మా సందు తొమ్మిదడుగులు, బండి లోపలికి వచ్చినా తిరగదు, ప్రహరీ పగలగొట్టాలి. అది చిన్న కారణం. పెద్ద కారణం మా మరిది చెప్పాడు, తను సివిల్ ఇంజినీరు. జేసీబీ మొద్దుని వేళ్ళతో సహా లాగుతుంది. నలభై ఏళ్ళ చెట్టు వేళ్ళు మెట్ల కిందికీ పునాది పక్కకీ పోయి ఉంటాయి, లాగినప్పుడు వాటితో పాటు మెట్లు, గోడ కదులుతాయి. "వదినా, పైనున్నది పీకడం కంటే ఉన్నచోటే పిండి చేయడం మేలు" అన్నాడు. స్టంప్ గ్రైండర్ అన్న మాట నేను మొదట విన్నది అతని దగ్గరే.

మనుషులతో తవ్వించడానికి ఒక మేస్త్రిని పిలిచి చూపించాను. ఆయన మొద్దు చుట్టూ తిరిగి, గునపంతో రెండు చోట్ల పొడిచి చూసి, "రెండు రోజుల్లో అయిద్దనుకోవద్దమ్మా. తల్లివేరు కోయాలంటే మనిషి దిగి కూర్చునేంత గొయ్యి తియ్యాల. వారం పట్టిద్ది" అన్నాడు. 14,000 అడిగాడు. న్యాయమైన మాటే. మెట్ల పక్కన మనిషి లోతు గొయ్యి వారం రోజులు తెరిచి ఉంచడం మాత్రం, ఇంట్లో వాకర్‌తో నడిచే మనిషిని పెట్టుకుని, కుదరని పని.

గ్రైండర్ దొరకడమే కష్టమైంది. హైదరాబాదులో ఉన్నాయన్నారు గానీ అక్కడి నుంచి తెప్పిస్తే రవాణాకే తడిసి మోపెడవుతుంది. చెట్లు కొట్టేవాళ్ళని, జేసీబీ వాళ్ళని అడిగితే అలాంటి మిషను పేరే వినలేదన్నారు. చివరికి ఒక నర్సరీ ఆయన దారి చూపించారు. మంగళగిరి వైపు ఒక గార్డెన్ కాంట్రాక్టర్ వెంచర్లలో పాత చెట్ల మొదళ్ళు తీయడానికి చిన్న మిషను కొనుక్కున్నాడట. మీకు అవసరమైతే మీరు కూడా నర్సరీలనీ, లాన్లు వేసే వాళ్ళనీ ముందు అడగండి.

ఆయన ఫోన్లో అడిగిన ప్రశ్నలకే నాకు నమ్మకం కుదిరింది. ఏం చెట్టు? గేటు వెడల్పు ఎంత? గోడకి ఎంత దూరం? కింద నీళ్ళ పైపు, కరెంటు వైరు ఏమైనా పోతున్నాయా? మొద్దుకి ఎప్పుడైనా మేకులు కొట్టారా? టేపు పక్కన పెట్టి ఫోటో తీసి పంపమన్నాడు. కోసిన ముఖం మీద టేపు పెడితే 27 అంగుళాలు వచ్చింది. రేటు అంగుళానికి 220. ఆరు వేలలో అయిపోతుందని లెక్క వేసుకున్నాం.

జనవరి 24న మనిషి చూడటానికి వచ్చినప్పుడు ఆ లెక్క మారిపోయింది. వాళ్ళు కొలిచేది కోసిన ముఖాన్ని కాదు, నేల మట్టాన వేళ్ళు విచ్చుకున్న చోట, అన్నిటికంటే వెడల్పుగా ఉన్నవైపు. అక్కడ 41 అంగుళాలు! మిషను అరగదీయాల్సింది ఆ భాగాన్నే కాబట్టి కొలత తప్పని నేను అనను. ఫోన్లోనే "నేల దగ్గర కొలవండి" అని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. బేరమాడితే 9,000కి ఒప్పుకున్నాడు. రవాణా 1,500 వేరు. ఇనుము తగిలి పన్ను విరిగితే పన్నుకి 700 మేమే ఇవ్వాలి. నేల కింద 10 అంగుళాల దాకా తీస్తారు, ఆ కింద ఉన్న వేళ్ళు అలాగే ఉండిపోతాయి. ఈ చివరి మాట బాగా గుర్తు పెట్టుకోండి. గ్రైండింగ్ అంటే చెట్టుని మొత్తం పెకిలించడం కాదు, పైభాగాన్ని తురిమేయడం. అక్కడే పిల్లరో పునాదో వేసుకోవాలంటే ఇది సరిపోదు. ర్యాంపు వరకు చాలు.

రెండు వేలు అడ్వాన్సు ఇచ్చాం. ఆయన ఇచ్చిన తేదీ ఫిబ్రవరి 6. అది శుక్రవారం. అత్తయ్యగారు "శుక్రవారం పూట వేపచెట్టు మీద ఇనుము పడనివ్వను, అది అమ్మవారి చెట్టు" అన్నారు. మా ఆయన నచ్చజెప్పబోయారు గానీ నేనే వద్దన్నాను. ఆ చెట్టు కింద కూర్చుని పిల్లలకి అన్నం పెట్టింది ఆవిడ, పోలేరమ్మకి పొంగలి పెట్టుకున్నది ఆవిడ. ఆ మాత్రం మాట ఆవిడది చెల్లాలి. తర్వాత ఖాళీ ఫిబ్రవరి 12 గురువారమే. ఆ ఆలస్యం నాకు టెన్షన్‌గానే గడిచింది. ద్వారబంధం మీద గీత రోజూ దులిపేదాన్ని, తెల్లారేసరికి తడి మట్టితో మళ్ళీ తయారయ్యేది.

ఈ మధ్యలో చేయాల్సిన పని ఒకటుంది. చెట్టు చుట్టూ కూర్చోవడానికి మామయ్యగారు సిమెంటు చప్టా కట్టించారు. సిమెంటు, రాయి, ఇటుక ఏది తగిలినా మిషను పళ్ళు పోతాయి కాబట్టి దాన్ని ముందే తీసేసి, చుట్టూ జానెడు లోతు మట్టి తవ్వి వేళ్ళు కనపడేలా ఉంచమన్నారు. ఫిబ్రవరి 8 ఆదివారం ఇద్దరు కూలీలు వచ్చారు, 1,800 ఇచ్చాం.

వీధి కుళాయి నుంచి సంపుకి వచ్చే పైపు మొద్దుకి రెండడుగుల అవతల ఉందని మేమంతా అనుకుంటున్నాం. తవ్వితే ఎనిమిది అంగుళాల లోతులో, మొద్దుని ఆనుకుని కనిపించింది. ఆనుకుని అంటే మామూలుగా కాదు. మణికట్టంత వేరు ఒకటి పాత ఇనుప పైపుని చుట్టేసి, పైపు తుప్పు రంగు వేరుకీ, వేరు బెరడు పైపుకీ అంటుకుపోయి, ఎక్కడ పైపు ఆగి ఎక్కడ వేరు మొదలైందో చేత్తో తడిమితే తప్ప తెలియలేదు. గునపం ఇంకో దెబ్బ పడితే పగిలేది. కూలీ అబ్బాయి వెంటనే గునపం పక్కన పెట్టేసి, బొరిగెతో, చేతులతో మట్టి తీశాడు. ఆ అబ్బాయికి విడిగా టీ డబ్బులు ఇచ్చాను, ఇవ్వకుండా ఉండలేకపోయాను. మిషను అలాగే దించి ఉంటే వీధి కుళాయి లైను తెగేది.

ప్లంబరు దొరికింది ఫిబ్రవరి 10న. పాత పైపు ముక్క కోసేసి, గోడ పక్కగా ప్లాస్టిక్ పైపు తిప్పి వేశాడు, 1,650 తీసుకున్నాడు. ఆ రాత్రి నీళ్ళు లేవు, బిందెలు పక్కింటివాళ్ళే నింపి ఇచ్చారు. పక్కిళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, శబ్దం గురించి రెండు వైపులా ముందే వెళ్ళి చెప్పి రండి. పక్కింటి పాప ఇంటర్ పరీక్షలకి చదువుకుంటోంది. ముందే చెప్పాం కాబట్టి ఆ పూట వాళ్ళ పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది.

ఇక 12వ తేదీ. నేను స్కూలుకి సెలవు పెట్టాను. పొద్దున్నే అత్తయ్యగారు స్నానం చేసి, వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. కిందికి దిగలేరు కాబట్టి పసుపు, కుంకుమ, పాలు నా చేతికిచ్చారు. ఆవిడ పైనుంచి చెబుతుంటే నేను మొద్దుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలు పోశాను. "మా ఇంటిల్లిపాదినీ చల్లగా చూశావు తల్లీ, తప్పనిసరై తీయిస్తున్నాం" అని ఆవిడ అన్నప్పుడు మా ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. నేను చెంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

తొమ్మిదిన్నరకి టాటా ఏస్‌లో మిషను వచ్చింది. చక్రాల మీద తోసుకొచ్చేది, పెట్రోలు ఇంజను, ముందు నిలువుగా ఒక గుండ్రటి ఇనుప చక్రం, దాని అంచునా పక్కలా బొటనవేలంత పళ్ళు. పళ్ళ కొసలకి టంగ్‌స్టన్ కార్బైడ్ అతికించి ఉంటుందట. గేటు 36 అంగుళాలు, మిషను 34. సరిపోతుందనుకున్నాం గానీ గేటు రెక్క తెరిచినా బందుల దగ్గర రెండు అంగుళాలకి పైగా తినేసింది. గేటు రెక్క ఊడదీస్తే తప్ప లోపలికి రాలేదు, దానికే ముప్పావు గంట పోయింది. మీరు కొలిచేటప్పుడు తెరిచిన గేటుకీ స్తంభానికీ మధ్య ఖాళీ కొలవండి.

మొదట మొద్దుని రంపం మిషనుతో నేల మట్టానికి కోసేశారు. కిటికీలకి, మెట్లకి ప్లైవుడ్ ముక్కలు, పాత తార్పాలు అడ్డం పెట్టారు. మిషను నడిపే అబ్బాయి మమ్మల్ని లోపలికి పంపి తలుపు వేసుకోమన్నాడు. చక్రం తిరుగుతూ మొద్దు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా ఊగుతుంది, ప్రతి ఊపుకీ రెండు అంగుళాల మందం పిండి అవుతుంది. మళ్ళీ కొంచెం దించి ఇంకో ఊపు. శబ్దం ఇంట్లో గిన్నెలు అదిరేంత ఉంది. కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను. ముందు లేత పసుపు రంగు పొట్టు ఎగిరింది, లోపలి చేవ తగిలేసరికి ఎర్రగా మారింది. తలుపులు మూసినా ఆ పొడి లోపలికి వచ్చింది. గొంతులో చేదు, పండగనాడు పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైనట్టు. సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగినా ఆ చేదు పోలేదు. ఆయాసం ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఆ పూటకి ఎటైనా పంపేయండి. అత్తయ్యగారిని వెనక గదిలో ఉంచి తలుపు కింద తడిగుడ్డ పెట్టాం.

పదకొండు దాటాక టంగుమని మోత, నిప్పురవ్వలు. మిషను ఆగిపోయింది. వెళ్ళి చూస్తే లోపల వేలెడు ఇనుప కొక్కెం. ఎప్పుడో చెట్టు మొదలు దగ్గర కొట్టింది, చెట్టు దాన్ని లోపలికి కలిపేసుకుని పైన చేవ పెంచేసుకుంది. మా ఇంట్లో ఎవరికీ అది గుర్తు లేదు. ఆ అబ్బాయి దాన్ని తీసి పైకి పట్టుకొచ్చి అత్తయ్యగారికి చూపించాడు. "మామ్మగారూ, ఇది మీదేనా?" అంటే, "నాది కాదు నాయనా, మీ తాతగారు మా పెళ్ళయిన కొత్తలో ఉన్న అద్దింట్లోది పీక్కొచ్చి కొట్టారు" అని చెప్పారు. అంతసేపటికి ఆవిడ ముఖంలో నవ్వు కనపడింది. ఒక పన్ను విరిగింది, 700. స్పేర్ పన్ను బిగించి మళ్ళీ మొదలుపెట్టేసరికి అరగంట.

ఎండిన వైపు తెరుచుకున్నాక లోపలంతా చెద గూళ్ళు. పొట్టుతో పాటు తెల్లటి పురుగులు. చూడగానే ఒళ్ళు జలదరించింది గానీ, ఇవన్నీ మా గుమ్మం వైపు నడుస్తున్నాయి కదా, ఇప్పటికైనా తెలిసింది అని మనసు కుదుటపడింది. మెట్ల కిందికి పోయిన లావు వేరు ఒకటి మిషనుకి అందలేదు. గోడకి మరీ దగ్గరగా చక్రం పోదు. దాన్ని గొడ్డలితో మెట్టు అంచు దాకా నరికి వదిలేశారు. రెండున్నరకి పని అయిపోయింది.

అప్పుడు చూస్తే వాకిలి నిండా పొట్టు కుప్ప. మొద్దు ఎంత ఉందో దానికి మూడు నాలుగు రెట్లు అవుతుంది పొట్టు. దాన్ని ఎత్తుకెళ్ళడం వాళ్ళ బేరంలో లేదు. గొయ్యిలోనే నింపేయండి అన్నాడు. మరిది ఒప్పుకోలేదు. చెక్కపొట్టు కుళ్ళుతూ కుంగుతుంది, పైన ఏం వేసినా దిగబడుతుంది, చెదలకి మళ్ళీ మనమే భోజనం పెట్టినట్టవుతుంది. చెత్త బండి అబ్బాయి అంత పొట్టు తీసుకోలేనన్నాడు. ఎరువుల బస్తాల్లో నింపి, 600కి ట్రక్కు ఆటో మాట్లాడి, నిమ్మతోట ఉన్న మా బంధువులకి పంపించాం. వాళ్ళు చెట్ల పాదుల్లో పైన పరుచుకున్నారు. మట్టిలో కలిపితే ఆ పచ్చిపొట్టు కుళ్ళేటప్పుడు నేలలో నత్రజనిని లాగేసుకుంటుంది, అందుకే పైన మాత్రమే వేయమని చెప్పాం.

గొయ్యి తెరిచి ఉండగానే చెదల మందు కొట్టించాలి. ఈ వరస ముఖ్యం. మేము జనవరిలోనే ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే వెంటనే కొట్టేస్తామన్నారు. అలా చేస్తే మిషను ఆ మట్టినంతా తిరగేశాక మళ్ళీ కొట్టించాల్సి వచ్చేది. ఇంకొకాయన మాత్రం "మొద్దు తీశాకే పిలవండి, మిగిలిన వేళ్ళకి కూడా అందిద్ది" అన్నాడు. ఆయన్నే పిలిచాం. ఫిబ్రవరి 14న గొయ్యిలో, మెట్ల పగుళ్ళలో, ద్వారబంధం కింద బెజ్జాలు వేసి ఇమిడాక్లోప్రిడ్ మందు పోశారు. 4,500. అదే పొద్దున అత్తయ్యగారిని తెనాలిలో మా ఆడపడుచు ఇంటికి పంపించాం, శివరాత్రి అక్కడే చేసుకున్నారు. కొత్త పైపు వేసిన వైపు మందు పోయనివ్వలేదు, అది మీరూ చూసుకోండి.

గొయ్యి నాలుగు రోజులు ఆరనిచ్చి, 19న గ్రావెల్ తెప్పించాం. ట్రాక్టరు సందు మొదట్లోనే దించి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి తట్టలతో మోయడానికి, పూడ్చడానికి కూలి 1,200, గ్రావెల్‌కి 2,600. మాది నల్లరేగడి నేల. ఎండకి పగుళ్ళు విచ్చుతుంది, వానకి ఉబ్బుతుంది. తవ్విన నల్లమట్టినే మళ్ళీ వేస్తే అదే గొడవ. అందుకే గ్రావెల్ అరడుగు మందాన వేయడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ ఇంకో పొర, ఇలా చేయించాడు మరిది. అంత కొట్టినా మర్నాడు తడిపితే మూడు అంగుళాలు దిగింది. 21న పైన ఇంకో పొర వేసి సమం చేశారు. కాస్త గ్రావెల్ మిగిల్చి మూల పోయించాం, వానాకాలంలో మళ్ళీ దిగినప్పుడు పనికొస్తుంది.

ర్యాంపుని వెంటనే కాంక్రీటుతో పోయించాలని నాకు ఆత్రంగా ఉంది. మరిది వద్దన్నాడు. ఇన్నేళ్ళూ ఆ చెట్టు నేలలో నీళ్ళు తాగేస్తూ చుట్టూ నల్లమట్టిని పొడిగా ఉంచింది. ఇప్పుడు తాగేది లేదు, వానలకి ఆ మట్టి మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతుంది. లోపల వేళ్ళు కుళ్ళినచోట్ల కుంగుతుంది కూడా. ఒక వానాకాలం గడవనిచ్చి, అప్పుడు కాంక్రీటు పోయిస్తే పగలదు. అప్పటిదాకా వెల్డింగ్ షాపులో ఇనుప రేకుతో, పక్కలకి పట్టుకోవడానికి కమ్మీలతో ఎత్తి పెట్టుకునే ర్యాంపు చేయించాం. దాని ఖర్చు పై లెక్కలో కలపలేదు. ఫిబ్రవరి 22న అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి దాని మీదుగానే ఇంట్లోకి నడిచారు. కుర్చీ ఎత్తాల్సిన పని లేకపోయింది. మా అబ్బాయి వెనక చేతులు చాపి నిలబడ్డాడు గానీ ఆవిడ ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

వేపకి తెగిన వేళ్ళ నుంచి పిలకలు వస్తాయి. మెట్టు కింద వదిలేసిన వేరు నుంచి మార్చి మొదట్లో ఒకటి వచ్చింది, గోడ పక్కన కాబట్టి తీసేశాం. వచ్చినప్పుడల్లా తీసేస్తూ ఉంటే ఆ వేరు బలం తగ్గి ఆగిపోతుందని మిషను అబ్బాయి చెప్పాడు. ద్వారబంధం మీద మట్టి గీత మందు కొట్టాక మళ్ళీ కనపడలేదు. పెస్ట్ కంట్రోల్ ఆయన మే నెలలో ఒకసారి ఉచితంగా వచ్చి చూస్తానని బిల్లు మీద రాసిచ్చాడు, ఆ బిల్లుని అర్జీ నకలుతో కలిపి పెట్టాను. కాంక్రీటు పని దసరా తర్వాత.